పీఠభూమి మీద తీసిపెట్టిన అన్నం

మిస్సిసాగాలో మా చర్చి ఆరాధన అయ్యాక కింద హాల్లో భోజనాలుంటాయి. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు నా పక్కన కూర్చోవాల్సి వస్తే, మర్యాద కోసం ఒక ప్రశ్న అడుగుతారు. "ఆంటీ, రిటైర్ కాకముందు మీరేం చేసేవారు?" నేను ఉన్నమాటే చెబుతాను. ఒక గదిలో పొయ్యి ఆరిపోకుండా చూసుకుంటూ, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ కనిపెట్టుకుని కూర్చునేదాన్ని అంటాను. "మా అమ్మ కూడా అదే చేస్తుంది ఆంటీ" అన్నాడొకడు. నిజమే. కాకపోతే నాకు దానికి జీతం ఇచ్చారు, చలికోటు ఇచ్చారు, మెడలో వేసుకోవడానికి ఒక విజిల్ కూడా ఇచ్చారు.

ఆ గది బ్రిటిష్ కొలంబియాలో ఒక కొండ మీద ఉంది. మా కాపురం మొదట మిస్సిసాగాలోనే. నేను ఎయిర్‌పోర్టు పక్కన వేర్‌హౌస్‌లో డబ్బాలకు లేబుళ్ళు అంటించేదాన్ని. మా ఆయనకి పశ్చిమాన ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో ల్యాబ్ ఉద్యోగం రావడంతో సామాను సర్దుకుని అటు పోయాం. ఆ ఊళ్ళో వేర్‌హౌసులు లేవు. ఉన్నదల్లా కొండ, కొండ మీద పార్కు. అప్లై చేశాను. ఇంటర్వ్యూలో "మంచులో పనిచేసిన అనుభవం ఉందా?" అని అడిగితే, జనవరిలో 401 హైవే మీద రోజూ డ్రైవ్ చేశానని చెప్పాను. అడిగినావిడ నవ్వలేదు గానీ ఉద్యోగం ఇచ్చింది. ఆవిడే తర్వాత మా సూపర్‌వైజర్.

ఆ చోటు ఎలా ఉంటుందో చెబితే గానీ మిగతా కథ మీకు అందదు. కింద ఊరి నుంచి రోడ్డు మలుపులు తిరుగుతూ పైకి వెళుతుంది. దేవదారుల్లాంటి చెట్లు క్రమంగా పొట్టివవుతాయి. ఇక శిఖరం వస్తుందనుకునే చోట శిఖరం రాదు, మైదానం వస్తుంది. అంత ఎత్తున, చాప పరిచినట్టు, కనుచూపు మేర చదును. వేసవిలో అక్కడ పూలే పూలు, నడిచేవాళ్ళతో కిటకిట. చలికాలంలో మనిషి లోతు మంచు. చెట్లకి మంచు పట్టి పట్టి, కొమ్మా ఆకూ కనబడకుండా, తెల్ల దుప్పటి ముసుగేసుకున్న మనుషుల్లా నిలబడతాయి. వాటిని చూడడానికే జనం వస్తారు.

వచ్చినవాళ్ళంతా ఇది చాలా తేలికైన చోటు అనుకుంటారు. ఎక్కడం లేదు, దిగడం లేదు, పడిపోయే లోయలు లేవు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ నిటారు కొండ మీద దారి తప్పితే కనీసం పల్లం ఎటో కాళ్ళకి తెలుస్తుంది, దిగిపోవచ్చు. చదును మీద మబ్బు కమ్మితే పైకీ కిందకీ తేడా లేదు, ముందుకీ వెనక్కీ తేడా లేదు. నేలా తెలుపే, ఆకాశమూ తెలుపే. అందుకే బాట పొడుగునా నారింజ రంగు గుంజలు పాతి ఉంచేవాళ్ళం. ఒక గుంజ దగ్గర నిలబడితే తర్వాతి గుంజ కనబడాలి. కనబడకపోతే అక్కడే ఆగిపోవాలి. మా దగ్గర ముఖ్యమైన రూలు ఇదొక్కటే.

నా డ్యూటీ ఆ బాట మొదట్లో ఉన్న వార్మింగ్ హట్‌లో. కట్టెల పొయ్యి, నాలుగు బల్లలు, గోడకి ఒక మ్యాపు. చలికి వణుకుతూ వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని వెళతారు. స్నోషూస్, అంటే మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, అద్దెకిచ్చేదాన్ని. ఎవరి బూట్లు తడిశాయో చూసి, పొయ్యి దగ్గర ఆరబెట్టమనేదాన్ని. సాయంత్రం గేటు మూసేముందు అందరూ తిరిగొచ్చారా అని చూసుకోవడం అన్నిటికంటే పెద్ద పని.

నాకు ఆరా ఎక్కువ. మా ఆయన దీన్ని జబ్బు అనేవాడు. బస్సులో పక్కసీటు మనిషి దిగేలోపు వాళ్ళ తోబుట్టువులెందరో నాకు తెలిసిపోవాలి. హట్‌లో పని నాకు పండగలా ఉండేది. జనం తమంతట తామే వచ్చి నా పొయ్యి ముందు కూర్చుంటున్నారు, ఇంక అడక్కుండా ఎలా ఉంటాను? ఓసారి ఒక జంటను, పెళ్ళయి ఎన్నాళ్ళయిందని, పిల్లలెందరని, లేకపోతే ఎందుకు లేరని వరసగా అడిగాను. వాళ్ళు అన్నాచెల్లెళ్ళట. కంప్లైంట్ రాశారు.

మా సూపర్‌వైజర్ దీనికి పూర్తిగా ఎదురు. ఆ ఊళ్ళోనే పుట్టిన మనిషి, సన్నగా, పొడుగ్గా, గాలికి ఎండిన చర్మంతో ఉండేది. ఎవరి సొంత విషయమూ అడిగేది కాదు. రెండు చలికాలాలు కలిసి పనిచేశాక గానీ నాకు పిల్లలున్నారని ఆవిడకి తెలియలేదు. కంప్లైంట్ వచ్చిన రోజు నన్ను పక్కకు పిలిచి, "వాళ్ళ బూట్ల గురించి ఎంతైనా అడుగు, వాళ్ళ బతుకుల గురించి అడక్కు. ఇంకోసారి ఇలాంటిది వస్తే నిన్ను పార్కింగ్‌లోనే ఉంచాల్సి వస్తుంది" అంది. కోపంగా కాదు, వాతావరణం చెప్పినట్టు చెప్పింది. పార్కింగ్ డ్యూటీ అంటే రోజంతా గాలిలో నిలబడి కార్లకి చెయ్యి ఊపడం. నేను నోరు కుట్టేసుకున్నాను. దాదాపు.

మాతో ఇంకొకాయన ఉండేవాడు, బాట మీద మంచును చదును చేసే పెద్ద మెషీన్ నడిపేవాడు. క్యూబెక్ మనిషి. ఫ్రెంచి యాసలో నన్ను "మదామ్" అనేవాడు. మనిషి మంచివాడే గానీ, నేను తెచ్చిన ఆవకాయను జామ్ అనుకుని బ్రెడ్డుకి రాసుకున్నప్పటి నుంచి నా డబ్బాల వైపు కొంచెం అనుమానంగా చూసేవాడు.

ఇది మన స్టూడెంట్లు వెల్లువలా వచ్చిన సంవత్సరాల మాట. నేను చేరిన కొత్తలో ఆ కొండ మీద తెలుగు వినబడితే ఆ వారమంతా మా ఆయనకి అదే చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత శనివారం వస్తే చాలు, వాంకూవర్ వైపు కాలేజీల నుంచి అద్దె వ్యాన్లలో పిల్లలు దిగేవాళ్ళు. పల్చటి జీన్సు, గుడ్డ బూట్లు, చేతుల్లో స్టీలు డబ్బాలు. హట్‌లోకి రాగానే గుమ్మం బయటే బూట్లు విప్పేసేవాళ్ళు. ఆ బూట్లలో మంచు నిండేది, అవి ఆరబెట్టే పని నాకు పడేది. బేస్‌మెంట్ గదుల్లో ఆరుగురేసి ఉంటూ, పగలు క్లాసు, సాయంత్రం కాఫీ షాపో గ్యాస్ స్టేషనో, శనివారం ఒక్కరోజు మంచు చూద్దామని సిక్ అని ఫోన్ చేసి వచ్చేవాళ్ళు. వాళ్ళని చూస్తే నాకు ముచ్చటేసేది. ఎక్కడివారు, ఏం చదువుతున్నారు, అద్దె ఎంత, అన్నీ అడగాలనిపించేది. సూపర్‌వైజర్ అటు తిరిగినప్పుడు అడిగేదాన్ని కూడా.

ఆ రోజు ఫిబ్రవరిలో లాంగ్ వీకెండ్. రద్దీ ఎక్కువని పొద్దున నన్ను పార్కింగ్ దగ్గర ఉంచారు. ఏ వ్యాన్లోంచి ఎవరు దిగారో ముఖాలు చూసే తీరిక లేదు, అందరూ ముక్కుదాకా ముసుగులే. మధ్యాహ్నానికి హట్‌కి మారాను. ఆకాశం అప్పటిదాకా నీలంగా ఉంది. భోజనాలవేళ దాటాక పడమటి నుంచి మబ్బు వచ్చింది. రావడం అంటే పైనుంచి కాదు, నేలబారుగా, పాలు పొంగినట్టు. కాసేపటికి హట్ కిటికీలోంచి మొదటి గుంజ కూడా కనబడలేదు. జనం గుంజలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు వచ్చేశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు వ్యాన్లెక్కి దిగిపోయారు.

గేటు మూసే వేళ దగ్గరపడింది. హట్‌లో ఒక్క గుంపు మిగిలింది. ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు. మూల బల్ల దగ్గర కూర్చున్నారు. తెలుగు పిల్లలని మాట వినగానే తెలిసింది. సూపర్‌వైజర్ వాళ్ళ దగ్గరికెళ్ళి ఎప్పుడూ అడిగేది అడిగింది. "మీవాళ్ళందరూ వచ్చేశారా?"

"యెస్ మ్యామ్, వీ ఆర్ ఫోర్" అన్నాడు వ్యాన్ నడిపే అబ్బాయి. "కొంచెం వేడి చేసుకుని వెళ్ళిపోతాం."

ఆవిడ తలూపి రేడియో దగ్గరికి వెళ్ళింది. లెక్క సరిపోయింది. పార్కింగ్‌లో ఒకే వ్యాన్, లోపల ఆ వ్యాన్ తాలూకు మనుషులు. ఎవరికీ అనుమానం రావాల్సిన పని లేదు. నేను స్నోషూస్ కడ్డీల మీద తగిలిస్తూ వాళ్ళని చూస్తున్నాను. పని చేస్తూ చూడటం నాకు ఎప్పటినుంచో అలవాటు.

కళ్ళద్దాల అమ్మాయి ఒకతె సంచీలోంచి పెద్ద డబ్బా తీసింది. మూత తియ్యగానే పోపు వాసన. పులిహోర. ఇంకో డబ్బాలో కోడివేపుడు. ఆ పిల్ల ముందుగా ఒక ఖాళీ గిన్నె తీసుకుంది. ఎవరికీ వడ్డించక ముందే, ఎవరి చెయ్యీ తగలక ముందే, అందులోకి పులిహోర పెట్టింది. పైన నాలుగు ముక్కలు, అదీ ఎముక లేనివి ఏరి పెట్టింది. మూత పెట్టింది. ఆ గిన్నెను పొయ్యికి దగ్గరగా జరిపింది. ఆ తర్వాత మిగిలినవాళ్ళకి కాగితం ప్లేట్లలో వడ్డించింది. వడ్డించుకుని నలుగురూ ఆ ప్లేట్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ తినలేదు.

నా చేతిలో స్నోషూ చేతిలోనే ఉండిపోయింది.

తినగా మిగిలింది డబ్బాలో పెట్టుకుంటే ఆ సంగతి వేరు, రేపటికనో రాత్రికనో అనుకుంటాం. ముందే, ఎంగిలి కాకుండా తీసిపెట్టేది ఎవరికి? ఇంటికి ఇంకా రాని మనిషికి. మా ఇంట్లో నాన్న రైస్ మిల్లు నుంచి ఆలస్యంగా వచ్చే రోజుల్లో అమ్మ అలాగే తీసిపెట్టేది. మీ ఇళ్ళల్లోనూ అంతే అయ్యుంటుంది. మా సూపర్‌వైజర్ అదే గిన్నెను చూసింది, ఆవిడకి అది గిన్నె. నాకు మాత్రం మబ్బులో ఒక మనిషి కనబడింది.

అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. పార్కింగ్ గుర్తొచ్చింది. పోతే పోయిందిలే అనుకుని వెళ్ళి వాళ్ళ బల్ల చివర కూర్చున్నాను.

"ఎవరికమ్మా తీసిపెట్టావు?"

ఆ పిల్ల ఉలిక్కిపడింది. నా ముఖం కంటే నా కోటు మీది బ్యాడ్జిని ముందు చూసింది. "మీరు తెలుగా ఆంటీ? ఎవలకు కాదాంటీ. రేపటికి."

"రేపటికైతే తిన్నాక మిగిలింది పెడతారు. మీరింకా ముద్ద ముట్టలేదు."

వ్యాన్ అబ్బాయి అందుకున్నాడు. గోదావరి జిల్లా మాట. "అంతా వచ్చేశామండీ. మేం నలుగురమేనండి. ఇప్పుడు బయల్దేరిపోతాం."

"బయల్దేరండి మరి. ఆ గిన్నె నాకిచ్చి వెళ్ళండి, నాకు ఆకలేస్తోంది" అన్నాను.

కళ్ళద్దాల పిల్ల గిన్నె మీద చెయ్యేసింది. ఆ చెయ్యి అలాగే ఉంచి ఏడవడం మొదలుపెట్టింది. "నా రూమ్మేట్ ఆంటీ. ఆ తెల్ల చెట్ల ఫొటోలు తీస్తనని ఎన్కబడ్డది. ఫోన్ చేసింది. తొవ్వ కనబడ్తలేదు, మబ్బు పోంగనే వస్త, మీరు మాత్రం ఎవ్వలకు చెప్పకుండ్రి అని ఒట్టేపిచ్చుకున్నది. మళ్ళ చేస్తే ఫోన్ కలుస్తలేదు."

"ఎవరికీ చెప్పకపోవడమేంటి?"

"దాని వర్క్ పర్మిట్ అప్లికేషన్ ప్రాసెసింగ్‌లో ఉందండి" అన్నాడు వ్యాన్ అబ్బాయి, తల దించుకుని. "రెస్క్యూకి కాల్ చేస్తే పోలీసులొస్తారంట. పోలీసులొస్తే రికార్డు పడుద్ది, రికార్డు పడితే ఫైల్ రిజెక్టు. పైగా ఈరోజు దానికి షిఫ్ట్ ఉందండి, సిక్ అని చెప్పి వచ్చింది."

"ఎవరు చెప్పారు మీకిదంతా?"

"వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిందండి."

నలుగురికీ తలా ఒక లెంపకాయ ఇవ్వాలనిపించింది. అంత కోపం నాకు నా పిల్లల మీద కూడా ఎప్పుడూ రాలేదు. చలికి చచ్చిపోయిన మనిషికి ఏ పర్మిట్టూ అక్కర్లేదని అరుద్దామనుకున్నాను. కానీ వాళ్ళ ముఖాల్లో నాకు కనబడ్డది నిర్లక్ష్యం కాదు. మాట ఇచ్చాం కాబట్టి నిలబెట్టుకోవాలని, స్నేహితురాలిని కాపాడుతున్నామని నమ్మి కూర్చున్నారు. తినకుండా కూర్చున్నారు.

నేను సూపర్‌వైజర్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ఒక్కరినీ తిట్టలేదు. ఏ రంగు జాకెట్, ఏం బూట్లు, ఆఖరి ఫోన్‌లో సరిగ్గా ఏమంది, ఇవి మాత్రం అడిగింది. మెరూన్ జాకెట్, వాంకూవర్‌లోనే అద్దెకు తెచ్చుకున్న స్నోషూస్. రేడియోలో కింద ఊరి రెస్క్యూ టీమును పిలిచింది. ఆ మబ్బులో హెలికాప్టర్ రాదు, వాళ్ళు రోడ్డెక్కి రావాలి, టైము పడుతుంది. ఈలోగా మా క్యూబెక్ ఆయన మెషీన్ తీసుకుని గుంజల వెంట వెళ్ళాడు.

తిరిగొచ్చినప్పుడు ఆయన ముఖంలో భయం కంటే వింత ఎక్కువ కనబడింది. అడుగులు దొరికాయన్నాడు. గుంజలు వదిలి చెట్ల గుంపు వైపు వెళ్ళాయట. వాటి వెంట పోతే, అమ్మాయి బతికే ఉంది, నడుస్తూనే ఉంది. "కానీ మదామ్, నేను దగ్గరికి వెళుతుంటే ఆమె దూరం జరుగుతోంది. అడుగులు నా వైపు తిరిగి, ఆగి, మళ్ళీ చెట్లలోకి పోయాయి. పిలిస్తే పలకదు."

"చలి తలకెక్కితే మనుషులు అలా చేస్తారు" అంది సూపర్‌వైజర్. ఆవిడ అలాంటివి చూసి ఉంది.

నాకు అది చలి అనిపించలేదు. గుమ్మంలోంచి మెషీన్‌ను చూశాను. దాని నెత్తిన దీపం గిర్రున తిరుగుతోంది. ఆయన కోటు మీద మెరిసే పట్టీలు, భుజం మీద ముద్ర. నడుముకి రేడియో. మబ్బులోంచి అది తన మీదికి వస్తుంటే ఆ పిల్లకి ఏమనిపించి ఉంటుందో నాకు తెలిసింది. "పోలీసులనుకుంది. దాక్కుంటోంది" అన్నాను.

సూపర్‌వైజర్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నమ్మకపోవడం కాదు. తన కొండ మీద తనకి తెలియని రకం ప్రమాదం ఒకటుందని అప్పుడే విన్న మనిషి చూపు. "సాయం చెయ్యడానికి వచ్చినవాళ్ళ నుంచి దాక్కుంటారా?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా, "నువ్వు ఎక్కు" అంది.

ముగ్గురం వెళ్ళాం. ఆ మబ్బులో మెషీన్ ముందు దీపాల వెలుతురు గోడకి కొట్టినట్టు మన ముఖానికే తిరిగొస్తుంది. అడుగులు చెట్లలోకి పోయిన చోట ఆపాం. దీపాలన్నీ ఆర్పెయ్యమన్నాను. ఇంజిను కూడా. క్యూబెక్ ఆయన సూపర్‌వైజర్ వైపు చూశాడు. ఆవిడ తలూపింది. ఇంజిను ఆగాక వచ్చినంత నిశ్శబ్దం నేను ఎక్కడా వినలేదు. పొద్దు వాలుతోంది, తెలుపు బూడిద రంగుకి తిరుగుతోంది.

సూపర్‌వైజర్ మెషీన్ లౌడ్‌స్పీకర్ మైకు నా చేతిలో పెట్టింది. మాకు ట్రైనింగ్‌లో నేర్పిన వాక్యాలున్నాయి. మేము మీ సాయానికి వచ్చాం, మీ మీద ఎవరికీ కోపం లేదు, ఉన్నచోటే ఉండి పలకండి. అవి ఇంగ్లీషులో చెప్పాను. ఏమీ లేదు. తెలుగులో అవే చెప్పాను. నా గొంతు నాకే ఆఫీసు గొంతులా వినబడింది. అప్పుడు ఆ మైకు కింద పెట్టేసి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను.

"అమ్మాయ్, నేను పోలీసుని కాదు. హట్‌లో పొయ్యి దగ్గర ఉండే ఆంటీని. నీ రూమ్మేట్ నీకు పులిహోర తీసిపెట్టింది. ముక్కలేరి పెట్టింది. నువ్వొచ్చేదాకా ఎవరూ తినడం లేదు. వాళ్ళు ఆకలితో కూర్చున్నారు, తొందరగా రా."

తర్వాత చెట్ల వెనకనుంచి, అనుకున్నదానికంటే చాలా దగ్గర్నుంచి, బొంగురు గొంతు.

"పోలీసోళ్ళు లేరా ఆంటీ?"

"లేరమ్మా. నేనూ, ఇంకో ఇద్దరూ. ఒకావిడ, ఒకాయన."

"నా పేరు రాస్కుంటరా?"

నేను ఇటు తిరిగి సూపర్‌వైజర్‌కి ఇంగ్లీషులో చెప్పాను. అబద్ధం చెప్పేద్దామా అనిపించింది, ఆవిడ మాత్రం అబద్ధం చెప్పే మనిషి కాదు. "పేరు రాస్తానని చెప్పు. అది నా బీరువాలో ఉంటుంది. దారి తప్పడం నేరం కాదు. ఇమ్మిగ్రేషన్‌కి నేను ఏమీ పంపను, వాళ్ళ ఆఫీసు ఎక్కడుందో కూడా నాకు తెలియదు" అంది. నేను మాట పొల్లుపోకుండా తెలుగులో అరిచాను. ఆఖరి ముక్కకి ఆ పిల్ల నమ్మినట్టుంది. కొమ్మ మీది మంచు దభీమని రాలింది, మెరూన్ జాకెట్ కనబడింది. ఒక కాలికి స్నోషూ లేదు, ఆ కాలు తొడదాకా దిగబడిపోతోంది. క్యూబెక్ ఆయన వెళ్ళి ఎత్తుకొచ్చాడు. నేను ఆ పిల్లని కోటులోకి లాక్కుని ఏడ్చాను. ఏడవడానికి అది డ్యూటీ టైము అని కూడా గుర్తులేదు.

తిరిగొచ్చే దారిలో పళ్ళు టకటకలాడుతుంటే ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి మాట ఇది. "ఆంటీ, ఆ చెట్లు సచ్చిపోయినయా, బతికున్నయా? లోపల పచ్చగున్నదో లేదో చూద్దామనే పోయిన."

నాకంటే ఆరా ఎక్కువున్న మనిషిని నేను అప్పుడే చూశాను. బతికే ఉన్నాయని, ఎండ ముదిరాక మంచంతా ఊడిపడిపోతుందని, లోపల ఆకు ఆకులాగే ఉంటుందని చెప్పాను. "అట్లనా" అని తృప్తిగా కళ్ళు మూసుకుంది. సూపర్‌వైజర్ వెంటనే తట్టి లేపింది, నిద్రపోకూడదని.

హట్‌లో స్నేహితులు ఆ పిల్లని పట్టుకుని ఏడ్చారు, తిట్టారు, ఫొటోలు వచ్చాయా అని కూడా అడిగారు. రెస్క్యూ టీమ్ వచ్చి కాలివేళ్ళు, వేడి, నాడి అన్నీ చూసి, ఫర్వాలేదని, కాసేపు వెచ్చగా ఉంచమని చెప్పింది. వాళ్ళలో ఒక్కరూ ఏ కాగితమూ అడగలేదు. పైసా కూడా అడగరని తెలిసి వ్యాన్ అబ్బాయి అదే మాట రెండుసార్లు కనుక్కున్నాడు. తియ్యటి టీ తాగించాక, కళ్ళద్దాల అమ్మాయి పొయ్యి పక్కనుంచి గిన్నె తీసి రూమ్మేట్ ఒళ్ళో పెట్టింది. ఆ తర్వాతే మిగతావాళ్ళు తమ ప్లేట్లు ముట్టుకున్నారు. క్యూబెక్ ఆయనకి కూడా పెట్టారు. ఈసారి ముందు వాసన చూసి మరీ తిన్నాడు.

అప్పుడు జరిగింది నేను ఊహించనిది. మా సూపర్‌వైజర్ కుర్చీ లాక్కుని ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది. ఏ ఊరు అని అడిగింది. ఏం చదువుతున్నావని, ఎక్కడ పని చేస్తున్నావని, ఈ పర్మిట్ అంటే ఏమిటని, దానికి ఎన్నాళ్ళు పడుతుందని, రాకపోతే ఏమవుతుందని. ఒకదాని తర్వాత ఒకటి. అదే దేశంలో పుట్టి పెరిగిన మనిషి, తన దేశపు కాగితం ఒకటి మనుషుల్ని ఇంత భయపెడుతుందని ఆవిడకి తెలియదు. తెలుసుకోవాలని కూర్చుంది. గేటు మూసే టైము ఎప్పుడో దాటిపోయింది. అలసటకి ఆ పిల్లకి ఇంగ్లీషు రావడం లేదు, తెలుగులో చెబుతుంటే నేను మధ్యలో ఇటూ అటూ చెబుతున్నాను. నా జన్మలో ఎవరి ప్రశ్నలకీ నేను అంత సంతోషంగా అనువాదం చెయ్యలేదు.

ఇంక లేవబోతూ, నాకూ ఒకటి అడగాలనిపించింది. ఊరికే, కుతూహలం కొద్దీ.

"మేం అక్కడ దీపాలు ఆర్పి పిలవకపోయుంటే ఏం చేసేదానివే?"

ఆ పిల్ల ముక్క నములుతూ, బస్సులో రద్దీ తగ్గాక ఎక్కుదామనుకున్నానని చెప్పినంత మామూలుగా చెప్పింది. "మీరందరు ఎతికి ఎతికి పోయినంక వద్దామనుకున్న ఆంటీ."

సూపర్‌వైజర్ నా వైపు తిరిగింది. "ఏమంటోంది?"

"పులిహోర బాగుందంటోంది" అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి కట్టె ఒకటి తీసుకున్నాను. పొయ్యిలో పెట్టాను, అక్కర్లేకపోయినా దాని మీద ఇంకొకటి పెట్టాను.